పుటలో పొడిచిన చుక్క

అచ్చుపుస్తకమున కామా, ఫుల్‌స్టాపు మొదలైన గుర్తులు వాక్యమునకు సేవ చేయును. నక్షత్రపు గుర్తు మాత్రము పాఠకునకే సేవ చేయును. ఒక మాట మీద ఈ చుక్క పొడిచినచో, 'ఇచ్చట కొంచెమాగుము. ఈ మాటను గూర్చి తెలిసికొనవలసినది మరియొకటి కలదు' అని దాని భావము. చుక్క యనగా ఇచ్చట బిందువు కాదు, తార. గ్రీకు భాషలో దీనిని 'ఆస్టెరిస్కోస్' అందురు. చిన్న నక్షత్రమని ఆ మాటకు అర్థము. ఆంగ్లమునందలి 'ఆస్టెరిస్క్' దాని నుండియే వచ్చినది.

క్రీస్తు పూర్వము 2వ శతాబ్దమున ఈజిప్టు దేశపు అలెగ్జాండ్రియా నగరమున ప్రసిద్ధమైన గ్రంథాలయము ఉండెను. దాని కధిపతియైన అరిస్టార్కస్ అను పండితుడు హోమరు కావ్యములను పరిష్కరించెను. అప్పటికే ఆ కావ్యములు అనేకుల నోళ్లలోను, చేతివ్రాతలలోను నలిగి పలు మార్పులు పొందియుండెను. ఒకచోటి పంక్తులు మరియొకచోట వచ్చి చేరియుండెను. సందేహాస్పదమైన పంక్తి ప్రక్క అడ్డగీత గీయుట అతనికి పూర్వమే వాడుకలో నున్నది. కావ్యములో వేరొకచోట గూడ కనబడు పంక్తి ప్రక్కన అరిస్టార్కస్ చుక్క నుంచెను. చుక్కయు గీతయు కలిసియున్నచో, 'ఈ పంక్తి వేరొకచోటిది, ఇచ్చట దీనికి తావు లేదు' అని తాత్పర్యము.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. తనకు సమ్మతము గాని పంక్తిని కొట్టివేయుట పరిష్కర్తకు సులభము. కాని గుర్తు పెట్టిన పంక్తి కావ్యములోనే నిలిచియుండును. పరిష్కర్త తన తీర్పును ప్రక్కన చెప్పి, దానిని మరల విచారించు హక్కును పాఠకునకు విడిచిపెట్టినాడన్నమాట. 10వ శతాబ్దమున వ్రాయబడి, వెనిస్ నగరమున భద్రపరుపబడిన ఇలియడ్ కావ్యప్రతిలో ఈ గుర్తులను నేటికిని చూడవచ్చును.

తెలుగువారి వ్రాతలలో హంసపాదు ఇట్టిదే గదా యని తోచవచ్చును. వ్రాతలో జారిపోయిన అక్షరమును పంక్తిపైన వ్రాసి, అది చేరవలసినచోట హంసపాదు నుంచుట వాడుక. ప్రతిని శుద్ధముగా తిరుగ వ్రాసినపుడు అక్షరము తన స్థానము చేరును, హంసపాదు మాయమగును. మాయమగుటయే దాని ధర్మము. చుక్క ధర్మము నిలిచియుండుట. అది నిలువనిచో కలుగు నష్టమునకు ఓరిజెన్ చేసిన కృషియే నిదర్శనము.

3వ శతాబ్దమున జీవించిన ఓరిజెన్ అను క్రైస్తవ పండితుడు బైబిలు పాతనిబంధన యొక్క హీబ్రూ మూలమును, గ్రీకు అనువాదములను ఆరు వరుసలుగా ప్రక్కప్రక్కన వ్రాయించెను. ప్రాచీనమైన గ్రీకు అనువాదమున లేక హీబ్రూలో మాత్రమే యున్న భాగములను ఇతర అనువాదముల నుండి తెచ్చి చేర్చి, వానికి చుక్క పెట్టెను. హీబ్రూలో లేక గ్రీకులో మాత్రమే యున్న భాగములకు గీత పెట్టెను. తరువాతి లేఖకులు మాటలను వ్రాసికొనిరి గాని గుర్తులను చాలచోట్ల విడిచిరి. అందుచే పాత మాటలును, తెచ్చి చేర్చిన మాటలును పాలునీళ్లవలె కలిసిపోయెను. వానిని వేరుచేయుటకు పండితులు ఎంతయో శ్రమింపవలసివచ్చెను. 7వ శతాబ్దమున సిరియక్ భాషలో వెలసిన యొక అనువాదము ఆ గుర్తులను నిలుపుకొన్నందున, వారికి కొంత దారి దొరకినది. చుక్కను విడిచిన లేఖకుడు ఒక్క మాటయైన మార్చలేదు. ఐనను ఏ మాట ఎవరిదో తెలియకుండ చేసినాడు.

19వ శతాబ్దమున భాషాశాస్త్రము ఈ గుర్తునకు క్రొత్త పని యప్పగించెను. జర్మను పండితుడైన ఆగస్ట్ ష్లైఖర్ మొదలగువారు, ఏ గ్రంథమునందును కనబడక, సోదరభాషల పోలికచే ఊహింపబడిన రూపములకు ముందు చుక్క నుంచిరి. తెలుగున 'చెవి', తమిళమున 'చెవి', కన్నడమున 'కివి' కలవు. వీనిని తక్కిన ద్రావిడభాషల రూపములతో పోల్చి, మూలరూపము '*కెవి' అని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఎకారమునకు ముందున్న కకారము తెలుగు తమిళములలో చకారమైనది. కన్నడమున కకారముగనే నిలిచినది. '*కెవి' అని పలుకగా విన్నవారు నేడు లేరు. ఆ మాట చెక్కిన శిలయు లేదు. 'ఇది ఊహ; ఐనను హేతువు గల ఊహ' అని చుక్క ముందుగనే ఒప్పుకొనును. తెలుగు ధాతువులపై భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో వెలువరించిన ఆంగ్లగ్రంథమును చదువువారికి ఇట్టి చుక్కలు తరచుగా ఎదురగును.

20వ శతాబ్దపు వ్యాకరణవేత్తలు దీనినే విపరీతార్థమున గూడ వాడిరి. '*ఆమె వచ్చినాడు' అని వ్రాసినచో, తెలుగువారెవరును ఇట్లనరని యర్థము. ఒక చుక్క 'ఇది ఉండి తీరవలెను' అనగా, మరియొక చుక్క 'ఇది ఉండరాదు' అనుచున్నది. ఏది యేదో సందర్భమే నిర్ణయించును. అందుచేతనే మంచి గ్రంథకర్త తన గుర్తుల యర్థమును గ్రంథాదియందే వివరించును.

చుక్క నేడు గ్రంథములు దాటి వచ్చినది. 1957లో వెలువడిన ఫోర్‌ట్రాన్ అను కంప్యూటరు భాషలో ఒక చుక్క గుణకారమునకు, జంటచుక్క ఘాతమునకు గుర్తులైనవి. అమెరికాలో 1968లో టెలిఫోను మీటలలో ఒకటిగా చేరినది. లోక్‌సభలో చుక్క గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటిమాటగా సమాధానము చెప్పవలెను. దానిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. దినమునకు ఇట్టి ప్రశ్నలు ఇరువదికి మించి జాబితాలో చేరవు. చుక్క లేని ప్రశ్నకు వ్రాతమూలక సమాధానముతో సరి. ఇచ్చట గూడ చుక్క విచారణకు తలుపు తెరచుచున్నది.

ఆ తలుపును మూయు చుక్కయు కలదు. వ్యాపారప్రకటనలో తగ్గింపుధర పెద్ద అక్షరములలో మెరయుచుండును. దాని తలపై నొక చుక్క. క్రింద కంటికి ఆనని అక్షరములలో 'షరతులు వర్తించును' అని యుండును. చెప్పితిమను పేరు దక్కవలెను, చదువరికి మాత్రము తెలియరాదు అనునదే అందలి యుద్దేశ్యము. అరిస్టార్కస్ చుక్క పాఠకుని కన్ను తెరపించినది; ఈ చుక్క కన్ను కప్పుచున్నది. గుర్తు ఒక్కటియే, పెట్టినవారి మనసులు వేరు.

ఈ భేదమును బడిలోనే నేర్పవచ్చును. వ్యాసము వ్రాయు విద్యార్థి ఇతరుల మాటను గైకొన్నచోట చుక్క పెట్టి, అది యెవరిదో పుట యడుగున చెప్పవలెను. తాను ఊహించిన దానిని ఊహ యనియే చెప్పవలెను. సందేహము తీరనిచోట, తీరలేదని వ్రాయుటకు సిగ్గుపడరాదు. అట్టి చుక్కను చూచి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గింపక, ఆ సందేహమును తరగతిలో నలుగురి యెదుట చర్చకు పెట్టినచో, పిల్లలకు చదువుతోపాటు నిజాయితీయు అలవడును.