లాక్‌డౌన్ రోజులలో కీళ్లవాత రోగులు

2020 మార్చి 24వ తేదీ సాయంత్రం ఆరు గంటలకు తమిళనాడు అంతటా 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది. ధర్మపురి నుండి సేలంకు, హోసూరుకు, బెంగళూరుకు వెళ్లే బస్సులు నిలిచిపోయాయి. ఆ అర్ధరాత్రి నుండి దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. కరోనా వైరస్ మనిషి నుండి మనిషికి సోకుతుంది. మనుషులు ఇళ్లలోనే ఉంటే దాని వేగం తగ్గుతుంది. ఇది సరైన ఆలోచనే. మరి అంతకుముందే వేరొక జబ్బుతో నెలనెలా ఆసుపత్రికి వెళ్లి వచ్చేవారి సంగతి ఏమిటి?

ధర్మపురి జిల్లాలోని ఒక పల్లెలో పూలు కట్టి అమ్ముకొనే అవ్వను ఊహించుకోండి. ఆమెకు ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకోవు. గంట గడిచినా ఆ బిగువు సడలదు. చెంబు పట్టుకోవడమే కష్టం, ఇక దారంతో ముడి వేయడం ఎలా?

ఈ ప్రాంతంలో కీళ్లు నొస్తున్నాయనగానే పెద్దలు నీళ్ల దోషం అంటారు. అందులో నిజం లేకపోలేదు. ఇక్కడ చాలాచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. అటువంటి నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లపై మచ్చలు పడతాయి, ఎముకలు బిగుసుకొని నడుము వంగిపోతుంది. మన దేశంలో మనుషులలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో గుర్తించి వివరించారు. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీటిని అందించే హొగెనకల్ పథకం 2013లో ప్రారంభమైనది ఈ బాధను తగ్గించడానికే. కాని అవ్వకు వచ్చిన కీళ్లవాతం వేరు. మంచినీరు తాగేవారికి కూడా అది వస్తుంది. మగవారికంటె ఆడవారిలో ఎక్కువ.

మన శరీరంలోకి చొరబడే సూక్ష్మజీవులతో పోరాడడానికి రోగనిరోధక వ్యవస్థ ఉంది. కీళ్లవాతంలో ఆ వ్యవస్థ కీళ్ల లోపలి పలుచని పొరనే శత్రువుగా భావించి దాడి చేస్తుంది. కంచే చేను మేసినట్లన్నమాట! కీళ్లు వాచి, వేడెక్కి, నొప్పిపుడతాయి. వాపు అలాగే ఉంటే మెల్లమెల్లగా ఎముక అంచులు అరిగి వేళ్లు వంకరపోతాయి. ఒకసారి అలా వంకరపోయిన వేలిని ఏ మందూ తిరిగి సరిచేయలేదు. అందుకే ఈ జబ్బుకు మందు విడవకుండా వాడాలి.

ఆ మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీని వెనుక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ ఆమ్లం పనిని అడ్డుకొనే మందులను కూడా రూపొందించింది. వాటిలో ఒకటే మెథోట్రెక్సేట్. మొదట రక్తపు కాన్సరుకు వాడిన ఆ మందును 1980ల నుండి కీళ్లవాతానికి విరివిగా ఇస్తున్నారు. కీళ్లవాతానికి దీనిని వారానికి ఒక్కరోజు మాత్రమే తీసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొంటే ప్రాణానికే ముప్పు. అప్పుడప్పుడు రక్తపరీక్ష కూడా తప్పదు. దాని దుష్ఫలితాలు తగ్గడానికి డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్రను కూడా రాస్తారు. మందూ, దాని విరుగుడూ ఒకే బృందం చేతి నుండి రావడం విశేషమే.

ఈ మందు వేసుకొన్న నాడే నొప్పి తగ్గదు, ఫలితం కనబడడానికి వారాలు పడుతుంది. మానిన నాడే నొప్పి పెరగదు. లాక్‌డౌన్‌లో చాలామంది మోసపోయింది ఇక్కడే. మొదటి రెండు మూడు వారాలు ఏమీ కాకపోవడంతో మందు లేకున్నా పరవాలేదనుకొన్నారు. తరువాత వాపు తిరగబెట్టింది. ఇంకొందరు భయపడి మానివేశారు. ఈ మందులు రోగనిరోధక శక్తిని అణచుతాయి కదా, కరోనా త్వరగా పట్టుకొంటుందేమోనని వారి భయం. స్టెరాయిడ్ మాత్రలను చాలాకాలంగా వాడేవారు ఇలా హఠాత్తుగా ఆపితే మరీ ప్రమాదం. డాక్టరును అడగకుండా మందు మానవద్దని నిపుణులు అప్పుడే హెచ్చరించారు. ఆ మాట పల్లెలకు చేరవద్దూ!

హైడ్రాక్సీక్లోరోక్విన్ కథ వేరు. అది మలేరియాకు పుట్టిన మందు. కీళ్లవాతానికి, లూపస్ అనే మరొక జబ్బుకు ఎంతోకాలంగా వాడుతున్నారు. 2020 మార్చిలో అది కరోనాను ఆపుతుందనే ఆశ ప్రపంచమంతటా పుట్టింది. కరోనా రోగులకు సేవచేసే వైద్యసిబ్బంది ముందుజాగ్రత్తగా దీనిని వాడవచ్చునని భారత వైద్య పరిశోధన మండలి సూచించింది. అది విని ఆరోగ్యవంతులు కూడా దుకాణాల ముందు బారులు తీరారు. కేంద్రప్రభుత్వం మార్చి 25న ఎగుమతిని నిషేధించింది, 26న అమ్మకపు నిబంధనలను కఠినం చేసింది. ఈ మాత్రను ఎక్కువగా తయారుచేసే దేశాలలో మనది ఒకటి. అయినా దానిపైనే ఆధారపడిన రోగులు ఒక్కొక్క దుకాణమే తిరగవలసి వచ్చింది. చివరకు జూన్ 5న, ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు ఈ మందువల్ల మేలు లేదని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. జూన్ 16న అదే పరిశోధనలో, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ తీవ్రమైన కరోనా రోగులలో మరణాలను తగ్గిస్తుందని తేలింది. స్టెరాయిడ్ మందుల వాడకం మొదలయింది కీళ్లవాతంతోనే! 1948లో ఒక కీళ్లవాత రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చి చూశారు. ఆ పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి లభించింది.

ఇక అవ్వ విషయానికి వద్దాం. కీళ్లవాత నిపుణులు పెద్ద ఊళ్లలోనే ఎక్కువ. ధర్మపురి నుండి సేలం సుమారు 65 కిలోమీటర్లు. కాని ఆ నెలలలో చాలాకాలం జిల్లా దాటాలంటే ఈ-పాస్ కావాలి. దానికి దరఖాస్తు చేయాలంటే ఇంటర్నెట్ ఉన్న ఫోను కావాలి. జిల్లాల మధ్య బస్సులు మళ్లీ సక్రమంగా నడిచింది సెప్టెంబరు 7 నుండి. కూలి లేని ఇంట్లో కారు బాడుగ ఎవరిస్తారు?

ఫోనులో వైద్యసలహా ఇవ్వడానికి 2020 మార్చి 25న కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. చేతుల ఫొటో పంపి సలహా పొందినవారు ఉన్నారు. అయితే కీలును వేలితో నొక్కి చూస్తేగాని డాక్టరుకు వాపు సరిగా తెలియదు. రక్తపరీక్ష ఫోనులో జరగదు. పైగా ఇంట్లో కదలక కూర్చున్నకొద్దీ కీళ్లవాతంలో బిగువు పెరుగుతుంది. సంతకు నడిచి వెళ్లడమే అవ్వకు వ్యాయామం. అదీ ఆగిపోయింది.

2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో తమిళనాడు ప్రభుత్వం మక్కళై తేడి మరుత్తువం అనే పథకాన్ని ప్రారంభించింది. ప్రజలను వెదుక్కొంటూ వచ్చే వైద్యం అని దాని అర్థం. ముఖ్యంగా రక్తపోటు, మధుమేహం మందులను ఇంటికి తెచ్చి ఇస్తారు. కదలలేనివారికి ఇంటివద్దనే వ్యాయామచికిత్స చేయించడం కూడా అందులో భాగమే.