ముక్కులేని గుడ్డు ఊపిరి

తొలకరి పడగానే అమీర్‌పేట, పంజాగుట్ట సందుల్లో, ఇళ్ళ పునాదులకు తవ్విన గోతుల్లో నీళ్ళు నిలుస్తాయి. రాత్రి కప్పల బెకబెకలు వినిపించిన చోటికి తెల్లవారి వెళ్ళి చూడండి. నల్లపూసలు గుచ్చినట్లున్న జిగురు దారాలు కనిపిస్తే, అవి గరుకు చర్మపు గోదురుకప్ప గుడ్లు.

ఆ గుడ్డుకు ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు, ఇంకా మొప్పలైనా రాలేదు. మరి శ్వాస ఎలా? నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ జిగురుపొర దాటి నేరుగా లోపలికి చేరుతుంది. తల్లి దాచి పెట్టిన పచ్చసొన నుంచి శక్తిని తీయడానికి మైటోకాండ్రియాలు దానిని వాడుకుంటాయి.

ఇప్పుడొక లెక్క. జెనోపస్ అనే ఆఫ్రికా కప్పలో, ఫలదీకరణం జరిగిన సుమారు గంటన్నరకు ఒక కణం రెండవుతుంది. ఆపైన దాదాపు అరగంటకొకసారి నాలుగు, ఎనిమిది, పదహారు... పన్నెండు విభజనలకు 4,096 అవుతాయి! మరి శ్వాస కూడా నాలుగు వేల రెట్లు పెరుగుతుందా? లేదు. బెల్లం దిమ్మను ఎన్ని ముక్కలు కొట్టినా తూకం అంతే కదా! గుడ్డు పరిమాణం పెరగదు. తల్లి ఇచ్చిన మైటోకాండ్రియాలనే కొత్త కణాలు పంచుకుంటాయి. అందుకే శ్వాస మెల్లమెల్లగా హెచ్చుతుంది.

అయితే ఆ హెచ్చుదల తిన్నని గీత కాదు. 1946లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఎరిక్ జ్యూథెన్ కప్పగుడ్ల శ్వాసను అతి సున్నితంగా కొలిచాడు. గుడ్డును నీటిలో తేలే చిన్న గాజు బుడ్డిలో ఉంచుతారు. గుడ్డు ఆక్సిజన్ వాడుకున్న కొద్దీ లోపలి వాయువు తగ్గి బుడ్డి మునగబోతుంది. దానిని మళ్ళీ అదే ఎత్తున నిలపడానికి పీడనాన్ని ఎంత మార్చాలో చూస్తే, ఖర్చయిన ఆక్సిజన్ ఎంతో తెలుస్తుంది. ప్రతి విభజనతోపాటు శ్వాస కొద్దిగా పెరిగి తగ్గుతున్నదని అలా తేలింది.

కణం చీలే శ్రమే ఇందుకు కారణమా? 2019లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు జీబ్రాచేప పిండాలు విడిచే వేడిని కొలిచారు. అక్కడా విభజనల లయలోనే వేడి హెచ్చి తగ్గింది. కణాలు చీలకుండా అడ్డుకున్నా ఆ లయ ఆగలేదు! ఎప్పుడు చీలాలో చెప్పే రసాయన గడియారం కణంలో ఉంది. ప్రొటీన్లకు ఫాస్ఫేటును తగిలించి, మళ్ళీ తీసేస్తూ నడిచే ఆ గడియారానికే శక్తి ఖర్చవుతున్నదన్న మాట.

దోమల భయంతో నిలువ నీటి మీద నూనె పోయడం మీరు చూసే ఉంటారు. నూనెపొర గాలిలోని ఆక్సిజన్ నీటిలో కరగకుండా అడ్డుకుంటుంది. గుంటను వానకు ముందే పూడ్పించండి. గుడ్లు పెట్టిన తరువాత నూనె పోస్తే, పురుగులను తిని మనకు మేలు చేసే కప్పల ఊపిరికి మూత పెట్టినట్లే.