కాగితముపై నిలిచిన విచారణ

తన న్యాయవాది శస్త్రచికిత్సకై ఆసుపత్రిలో నుండుటచే వాయిదా కోరి, అది నిరాకరింపబడగా తన వాదము తానే వినిపించుకొందునని పట్టుబట్టి, ఆ హక్కునకై మాటిమాటికి లేచి నిలుచుచుండిన నల్లజాతి నాయకుడు బాబీ సీల్‌ను, 1969 అక్టోబరు 29వ తేదీన చికాగోలోని ఫెడరల్ న్యాయస్థానమున, న్యాయాధిపతి జూలియస్ హాఫ్‌మన్ యానతిపై, భటులు కుర్చీకి గట్టి, నోరు మూయగట్టి కూర్చుండబెట్టిరి.

అంతకు ముందటి సంవత్సరము ఆగస్టులో డెమొక్రాటిక్ పక్షపు మహాసభ ఆ నగరమున జరుగుచుండగా, వియత్నాం యుద్ధమును మానుడని ఎలుగెత్తిన నిరసనకారులకును పోలీసులకును ఘర్షణలు చెలరేగెను. అల్లరి రేపు తలంపుతో రాష్ట్రముల యెల్లలు దాటుటకు కుట్ర పన్నిరని సీల్ సహా ఎనమండ్రపై నభియోగము మోపబడెను. సీల్ విచారణ వేఱుచేయబడగా మిగిలినవారే ‘చికాగో ఏడుగురు’.

ఆ న్యాయస్థానమున కెమెరాకు ప్రవేశము లేదు. మిగిలినవి వ్రాయసకాండ్ర కాగితములును, చిత్రకారుల రేఖాచిత్రములును మాత్రమే. 1987లో ఒక టెలివిజన్ చిత్రమును, 2007లో ‘చికాగో 10’ అను యానిమేషన్ చిత్రమును ఆ కాగితములలోని సంభాషణలనే ఆధారముగా గైకొనెను. 2020లో ఆరన్ సార్కిన్ రచించి దర్శకత్వము వహించిన చిత్రము మాత్రము వానిని దిద్దుకొనెను. ప్రతివాదులైన ఆబీ హాఫ్‌మన్, జెర్రీ రూబిన్‌లు న్యాయాధిపతుల అంగీలు తొడిగి వచ్చి, వానిని విప్పగా లోపల పోలీసు చొక్కాలు బయటపడుట వంటి నమ్మశక్యము కాని ఘట్టము నిజముగా జరిగినదే. కాని సీల్ బంధనము వాస్తవమున కొన్ని దినములు సాగగా, తెరపై నది కొలది నిమిషములలో ముగియును. చిత్రాంతమున మఱియొక ప్రతివాది టామ్ హేడెన్ యుద్ధమృతుల పేర్లు చదువుచుండగా సభ యెల్ల లేచి నిలుచును. నిజమునకు, విచారణ తొలిదినములలో అక్టోబరు 15న ఆ పేర్లు చదువబూనినది వేఱొక ప్రతివాది డేవిడ్ డెలింజర్. న్యాయాధిపతి వచ్చి దానిని ఆపించెను.

చూడలేని క్రౌర్యమును కుదించి, చూడగోరిన గౌరవమును పెంచుట సినిమాకు స్వభావము, దానిని తప్పుపట్టజాలము. కాని 1970 ఫిబ్రవరిలో అయిదుగురిపై పడిన శిక్షను 1972లో కొట్టివేయించినది ఏ కరతాళధ్వనియు గాదు. అప్పీలు న్యాయమూర్తులు ఆ నీరసమైన కాగితములనే చదివి, ప్రతివాదుల పట్ల న్యాయాధిపతి చూపిన వైరభావమును అందే కనుగొనిరి. సీల్ నోరు కట్టిన దినములలోను వ్రాయసకాని కలము ఆగలేదు.