తోరా అధ్యయనంలో త్యాగం

తోరా బోధన కొరకు, అధ్యయనం కొరకు కష్టనష్టాలను, అవసరమైతే ప్రాణాపాయాన్ని సైతం అంగీకరించడం యూదు సంప్రదాయంలో ఉన్నతంగా భావించబడే గుణం. హీబ్రూ భాషలో దీనిని 'మెసిరుత్ నెఫెష్' అంటారు. 'ప్రాణాన్ని అప్పగించడం' అని దీని అర్థం. తోరా అనగా ముఖ్యంగా మోషే పంచగ్రంథాలు. గురుశిష్య పరంపరగా వచ్చిన మౌఖిక బోధను కూడా తోరాగానే పరిగణిస్తారు. ఈ పరంపర ఒక్క తరంలో తెగినా బోధ అంతరించిపోతుంది. త్యాగానికి ఇంతటి ప్రాముఖ్యం రావడానికి ఇదే కారణం.

విద్యార్థి, కుటుంబం

క్రీ.పూ. 1వ శతాబ్దానికి చెందిన హిల్లెల్ తన దినకూలిలో సగం విద్యామందిరపు ద్వారపాలకునికి చెల్లించి పాఠం వినేవాడని తాల్ముద్ చెబుతుంది. కూలి దొరకని ఒకనాడు అతడు పైకప్పు గవాక్షం వద్ద పడుకొని పాఠం వింటూ మంచులో కూరుకుపోయాడు. గురువులు షెమయా, అవ్తాల్యోన్ మరునాడు అతనిని కనుగొన్నారు.

రబ్బీ అకీవా నలభై ఏళ్ళ వరకు నిరక్షరాస్యుడని సంప్రదాయ కథనం. సంపన్నుని కుమార్తె అయిన అతని భార్య పేదరికాన్ని భరించి, అతనిని చదువుకు పంపి, ఇరవైనాలుగేళ్ళు ఎదురుచూసింది. వేలాది శిష్యులతో తిరిగివచ్చిన అకీవా, తన విద్య, తన శిష్యుల విద్య ఆమెకే చెందుతాయని ప్రకటించాడు.

గురువు

బార్ కోఖ్బా తిరుగుబాటు (క్రీ.శ. 132–135) కాలంలో రోమన్లు తోరా బోధనను నిషేధించారని తాల్ముద్ కథనం. బహిరంగంగా బోధించిన అకీవా మరణశిక్షకు గురయ్యాడు. గురుపట్టం ఇచ్చినవారికి, పొందినవారికి మరణశిక్ష, అది జరిగిన పట్టణానికి వినాశనం విధించబడ్డాయి. అందువలన యెహూదా బెన్ బావా ఏ పట్టణానికీ హాని కలుగకుండా ఉషా, షెఫారాం పట్టణాల మధ్య కూర్చుని ఐదుగురు శిష్యులకు పట్టమిచ్చాడు. శత్రువులు సమీపించగానే శిష్యులను పారిపొమ్మని తాను అక్కడే నిలిచి హతుడయ్యాడు. ఆ శిష్యులలో రబ్బీ మెయీర్ ఒకడు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నాకు అతని బోధలు ముఖ్య ఆధారం.

శాంతికాలంలో గురువు చేయవలసిన త్యాగం వేరు. తోరా బోధనకు వేతనం తీసుకోరాదని తాల్ముద్ నియమం. అయితే బోధన వలన కోల్పోయిన పనివేళకు పరిహారం పుచ్చుకోవచ్చని తరువాతి పండితులు అంగీకరించారు.

పరిమితులు

ఈ సంప్రదాయం ప్రాణత్యాగాన్ని లక్ష్యంగా బోధించదు. సాధారణ పరిస్థితులలో ప్రాణరక్షణ కొరకు దాదాపు అన్ని మతనియమాలనూ పక్కన పెట్టవచ్చు. విగ్రహారాధన, వ్యభిచారం, హత్య మాత్రం ఇందుకు మినహాయింపులు. హిల్లెల్‌ను బ్రతికించడానికి గురువులు సబ్బాతు నియమాన్ని అతిక్రమించి నిప్పు రాజేశారు. యెహూదా బెన్ బావా కూడా తన శిష్యులను మరణించమని కోరలేదు, బ్రతికి బోధించమని పంపాడు.