బొమ్మ లారీకి గేరెందుకు?

కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్. ఊరికి పేరు పాలకోవాతో వచ్చింది గానీ, లారీ డ్రైవర్లకు గుర్తుండేది ఆ ఎత్తే. బరువు బండి అక్కడ చిన్న గేరులో మూలుగుతూ పాకుతుంది. ఎందుకు? వేగం వదులుకుంటేనే చక్రానికి బలం.

రిమోట్ లారీదీ అదే లెక్క. మోటారుకు 12 పళ్ల గేరు, దాన్ని కరుచుకుని 60 పళ్ల పెద్ద గేరు ఉందనుకోండి. మోటారు 5 చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు. వేగం ఐదో వంతు. తిప్పే బలం, రాపిడికి పోయింది పోగా, దాదాపు ఐదింతలు.

మోటారూ చూసుకోవాలి. ఒకే సైజు బ్రష్ మోటార్లలో రాగితీగ 27 చుట్లుంటే పరుగు, 55 చుట్లుంటే నిదానం. కడప బండ ముక్క ఎత్తుకుని గుట్టెక్కాలంటే రెండోదే మేలు. పరుగు మోటారుకు ఎక్కువ పళ్ల గేరు బిగించి బరువు లాగిస్తే? కాసేపటికే చెయ్యి పెట్టలేనంత కాలిపోతుంది.