జడత్వము

నిలిచియున్న బస్సు హఠాత్తుగా బయలుదేరినప్పుడు లోపల నిలుచున్నవారు వెనుకకు తూలుదురు. వారిని వెనుకకు నెట్టిన వారెవరు? ఎవ్వరును కారు. బస్సు నేల వారి పాదములను ముందునకు లాగికొనిపోయినది. పైదేహము మాత్రము ఉన్నచోటనే ఉండిపోజూచినది. ఉన్న స్థితిని తనంతట తాను విడువని ఈ గుణమునకే జడత్వమని పేరు.

కదలుచున్న వస్తువునకును ఈ గుణము కలదు. గంటకు 90 కిలోమీటర్ల సమవేగముతో పోవు రైలుపెట్టెలో ఒక బాలుడు నాణెమును నిట్టనిలువుగా ఎగురవేసెననుకొందము. అది 0.6 సెకను గాలిలో ఉన్నచో, ఆలోపల రైలు 15 మీటర్లు సాగిపోవును. అయినను నాణెము వెనుకబడక బాలుని చేతిలోనే పడును! చేతిని విడుచుటకు ముందే దానికి రైలు వేగము అబ్బియున్నది. భూమి తిరుగుచున్నచో పైనుండి విడిచిన రాయి వెనుకబడవలెను గదా యని పూర్వము పెద్ద పండితులే వాదించిరి. 1640లో గసెండీ అను ఫ్రెంచి విద్వాంసుడు మార్సేల్ రేవు చెంత, తెడ్లతో వేగముగా నడచు ఓడపై స్తంభాగ్రమునుండి రాళ్లను విడిపించెను. అవి స్తంభము మొదటనే పడినవి.

రైలు వేగము పుంజుకొనుచున్నప్పుడు సంగతి వేరు. వేగము సెకనునకు ఒక మీటరు చొప్పున ప్రతి సెకను పెరుగుచుండగా అదే నాణెము చేతికి 18 సెంటీమీటర్లు వెనుకగా పడును. లోపలివారికి దాని నెవరో వెనుకకు లాగినట్లు తోచును. గట్టుపైనుండి చూచువానికో, నాణెము తన వేగముతోనే పోయినది. చెయ్యియే ముందునకు జరిగినది.

పరుగిడు బస్సునుండి దుముకువానికి కలుగు ముప్పునకును ఇదియే కారణము. నేలనంటిన పాదములు ఆగిపోవును. దేహము బస్సు వేగముతోనే ముందునకు సాగి బోర్లపడును.