‘చెప్పేయకు నాన్నా!’ – పిల్లల స్పాయిలర్ గొడవల్లో ఏముంది?



ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలున్న ఇళ్లలో ఈ మధ్య ఒక కొత్త రకం తగాదా వినిపిస్తోంది. అక్క ఏదో సిరీస్ ఆఖరి ఎపిసోడ్ ముందే చూసేసి ఒక ముక్క బయటపెట్టిందని తమ్ముడు రెండు రోజులు ఆమెతో మాట్లాడడు. స్కూలు బస్సులో ఒకరు కథ ఎత్తుకోగానే మరొకరు చెవులు మూసుకుంటారు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ చివరి సీజన్ 2025 నవంబరు నుంచి డిసెంబరు ఆఖరు దాకా మూడు విడతలుగా వచ్చినప్పుడు ఇలాంటివి మీలో చాలామంది చూసే ఉంటారు. ‘ఒక కథకోసం ఇంత రాద్ధాంతమా, ఆ శ్రద్ధేదో లెక్కల మీద పెట్టకూడదా’ అనిపించడం సహజమే. అయితే ఆ తగాదాలో పిల్లలు చేస్తున్న పనిని కాస్త దగ్గరగా చూడమని మా మనవి. పరీక్ష పేపరులో ఎంత అడిగినా రాబట్టలేని పని ఒకటి అక్కడ జరుగుతోంది.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. కథలో జరగబోయేది ముందే చెప్పేస్తే అది స్పాయిలర్. ఇప్పటిదాకా చూసినదాన్నిబట్టి ఏం జరగవచ్చో ఊహిస్తే అది థియరీ. మనకేమీ కొత్త కాదు. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం చూసి వచ్చిన దగ్గర్నుంచి 2017 ఏప్రిల్‌లో రెండోది వచ్చేదాకా, కట్టప్ప ఎందుకు చంపాడని ఆఫీసుల్లో, టీ కొట్ల దగ్గర, పెళ్లిళ్లలో చెప్పుకున్న కారణాలన్నీ థియరీలే. రెండో భాగం మొదటి ఆట చూసొచ్చి, టికెట్ దొరకనివాళ్ల ముందు గుట్టు విప్పినవాడు చేసింది స్పాయిలర్. అప్పుడు మీకు వాడిమీద వచ్చిన కోపమే ఇప్పుడు మీ అబ్బాయికి వాళ్ల అక్క మీద వస్తోంది.

ముందే తెలిస్తే కథ నిజంగా చెడిపోతుందా? మన అనుభవం ‘లేదు’ అనే చెబుతుంది. శ్రీకృష్ణ రాయబారం ఫలించదని తెలియనివాళ్లు ఎవరున్నారు? అయినా తెల్లవార్లూ కూర్చుని పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టినవాళ్లం. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు ముందే చెప్పేస్తారు. ఆ సంగతి లక్ష్మణకుమారుడికి తెలియకపోవడం, మనకు తెలియడం, అందులోనే ఉంది నవ్వంతా. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చిన్న కథలతో ఒక ప్రయోగం చేస్తే, ముగింపు ముందే తెలిసిన పాఠకులు తెలియనివాళ్లకన్నా కొంచెం ఎక్కువే ఆనందించినట్టు తేలింది. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో దీనికి విరుద్ధమైన ఫలితాలూ వచ్చాయి కాబట్టి, దీన్ని పట్టుకుని పిల్లలతో వాదనకు దిగకండి.

పైగా పిల్లల బాధ వేరు. రెండోసారి చూసే ఆనందం ఎప్పుడైనా దొరుకుతుంది. తెలియకుండా చూసే అవకాశం ఒక్కసారే. రహస్యం చుట్టూ అల్లిన సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సిరీస్‌లలో ఆ ‘తెలియకపోవడం’తోనే ఆట. ఆధారాలు పోగు చేసుకుని, నాలుగు వారాలు ఆలోచించి ఒక ఊహకు వచ్చినవాడికి జవాబు చెప్పేస్తే, సగం చేసిన లెక్క పక్కన ఎవరో ఆన్సరు రాసిపెట్టినట్టు ఉంటుంది.

ఆ లెక్క ఎంత గట్టిగా చేస్తారో చెప్పడానికి ‘వెస్ట్‌వరల్డ్’ మంచి ఉదాహరణ. (ఇది పెద్దల సిరీస్, పిల్లలకు చూపించేది కాదు.) 2016లో వచ్చిన మొదటి సీజన్‌లో ఒకేసారి జరుగుతున్నట్టు కనిపించే రెండు కథల మధ్య నిజానికి 30 ఏళ్ల తేడా ఉంటుంది. దర్శకులు చివరిదాకా దాచుకున్న ఈ సంగతిని ప్రేక్షకులు కొన్ని వారాల ముందే పట్టేశారు. వాళ్లకు దొరికిన ఆధారాల్లో ఒకటి, ఆ కథలోని పార్కు లోగో ఒక్కో సన్నివేశంలో ఒక్కో రకంగా ఉండటం. రెండో సీజన్‌కు ముందు, 2018 ఏప్రిల్‌లో, సృష్టికర్తలు జొనాథన్ నోలన్, లీసా జాయ్ ఒక ప్రకటన చేశారు: తమ పోస్టుకు వెయ్యి ఓట్లు వస్తే సీజన్ కథంతా వీడియోలో చెప్పేస్తామని. ఓట్లు వచ్చాయి, వీడియో వచ్చింది. నిజమేననిపించేలా మొదలై, కాసేపటికి నటి 1987 నాటి ఒక పాప్ పాట పాడటం మొదలుపెట్టింది! కథ ముందే చెప్పమని అడిగినవాళ్లకు అంతకన్నా సరదా జవాబు ఇంకోటి ఉండదేమో.

ప్రేక్షకుల ఊహ రచయితకు నిజంగా చిక్కు తెచ్చిపెట్టిన సందర్భమూ ఉంది. 1990లలో ‘బాబిలాన్ 5’ అనే సిరీస్ రాసిన జె. మైఖేల్ స్ట్రాజిన్స్కీ ఇంటర్నెట్‌లో అభిమానులతో నేరుగా మాట్లాడేవారు. కథకు ఐడియాలు మాత్రం ఇవ్వవద్దని ముందే వేడుకునేవారు. అయినా ఒక అభిమాని అమాయకంగా రాసిన ఊహ ఆయన అనుకున్న ఎపిసోడ్‌కు దగ్గరగా ఉండటంతో, రేపు కాపీ అన్న మాట రాకూడదని ఆ ఎపిసోడ్‌ను పక్కన పెట్టేశారు. అభిమాని రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాకే అది 1995లో ప్రసారమైంది. కాపీరైట్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే ఈ ఒక్క సంగతి చాలు.

ఇక అసలు ప్రశ్న: కథకు అర్థం ఎవరు చెప్పాలి? తీసినవాళ్లా, చూసినవాళ్లా? ఇక్కడ ‘లాస్ట్’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. (ముగింపు చెప్పేస్తున్నాం. 2010లో అయిపోయిన సిరీస్ కాబట్టి క్షమిస్తారని ఆశ.) 2004లో మొదలైన ఈ సిరీస్‌లో ఒక విమానం కూలి, బతికినవాళ్లు ఒక దీవిలో చిక్కుకుంటారు. వీళ్లంతా చనిపోయారు, ఆ దీవి స్వర్గానికి ముందుండే మధ్యలోకం అని మొదటి సీజన్‌లోనే చాలామంది ఊహించారు. సృష్టికర్తలు కాదు కాదన్నారు. చివరి ఎపిసోడ్‌లో పాత్రలన్నీ మరణానంతరం ఒకచోట కలుస్తాయి. దీవిలో జరిగిందంతా నిజమేనని, వాళ్లలో కొందరు ముందు, కొందరు చాలాకాలం తర్వాత పోయారని ఒక పాత్ర విడమరిచి చెబుతుంది కూడా. కానీ కథ అయ్యాక పేర్లు పడేటప్పుడు, మనుషులెవరూ లేని విమాన శకలాల దృశ్యాలు కనిపించాయి. ‘అంటే అందరూ మొదటిరోజే చనిపోయారన్నమాట’ అనుకున్నారు ఎంతోమంది. తీరా చూస్తే ఆ దృశ్యాలు కలిపింది సృష్టికర్తలు కాదు, టీవీ చానల్ ఏబీసీ. ముగింపు నుంచి వెంటనే వార్తల్లోకి పోకుండా ప్రేక్షకుడికి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలనుకున్నారు, అంతే. చానల్ వివరణ ఇచ్చినా, ఇప్పటికీ ఆ తప్పు అర్థమే చెప్పుకునేవాళ్లున్నారు.

ఎవరి ఉద్దేశం కథకు అర్థం? తీసినవారిదా, కలిపినవారిదా? తెలుగు తరగతిలో ‘కవి హృదయం’ అన్నప్పుడు మేము ఎదుర్కొనే ప్రశ్న సరిగ్గా ఇదే. రచయిత మనసులో ఏముందన్నది కృతికి కొలమానం కాదని 1946లోనే అమెరికాలో విమ్సాట్, బియర్డ్‌స్లీ ఒక వ్యాసం రాశారు. దాని మీద వాదన ఇంకా తెగలేదు. మా అభిప్రాయం అడిగితే, రచయిత మాటను ఒక సాక్షి మాటలా తీసుకోవాలి: విలువైనదే, కానీ తీర్పు చెప్పేముందు కథలోకి వెళ్లి సరిచూసుకోవాలి. ‘లాస్ట్’ విషయంలో సృష్టికర్తల మాట నిలబడింది, ఎందుకంటే కథలోని సంభాషణ దాన్ని సమర్థిస్తోంది.

ఊహ హద్దు దాటడమూ ఉంది. 2021లో ‘వాండావిజన్’ వచ్చినన్ని వారాలూ మెఫిస్టో అనే దుష్టపాత్ర వస్తుందని అభిమానులు నమ్మారు. తెరమీద ఈగ కనిపించినా ఆధారమే! పాత్ర రాలేదు, అసలు అనుకోనేలేదని ప్రధాన రచయిత్రి జాక్ షాఫర్ చెప్పారు. తమను మోసం చేశారని కోపగించినవాళ్లున్నారు. ఎవరూ ఇవ్వని మాట తప్పారనడం ఏం న్యాయం?

అందుకే మీ అమ్మాయి థియరీ మొదలుపెట్టినప్పుడు, ‘నీకెలా తెలుసు? ఎక్కడ చూశావు?’ అని అడగండి. తర్వాత, ‘ఏం కనిపిస్తే నీ ఊహ తప్పని ఒప్పుకుంటావు?’ అని అడగండి. మొదటిది తెలుగు పాఠంలోని ‘అవగాహన – ప్రతిస్పందన’, రెండోది సైన్స్ ల్యాబ్. జవాబు పది నిమిషాలు పట్టవచ్చు. పదిహేనేళ్ల పిల్లలు ఇంట్లో పది నిమిషాలు ఆపకుండా మాట్లాడే సందర్భాలు ఎన్నో మీకు తెలియంది కాదు. ‘నీ పిచ్చి సిరీస్’ అని ఒక్కసారి అంటే ఆ కబుర్లు మీదాకా రావడం ఆగిపోతుంది.

సిరీస్ మొదలవగానే తెరమీద కనిపించే యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అన్న గుర్తులు మాత్రం తప్పక చూడండి. లీకైన ఎపిసోడ్లు టెలిగ్రామ్‌లో దించుకోవడం థియరీ కిందికి రాదు, అది దొంగ సరుకు.

చివరగా, హాస్టల్ పిల్లల గురించి. వాళ్లకు ఫోన్ ఉండదు, సెలవులకు ఇంటికి వచ్చేదాకా ఏదీ చూడలేరు. డే స్కాలర్లు క్లాసులో నోరు జారితే వాళ్లకు తప్పించుకునే దారి లేదు. కాబట్టి డే స్కాలర్ల తల్లిదండ్రులు ఒక చిన్న అలవాటు నేర్పాలని కోరుతున్నాం: కథ ఎత్తుకునేముందు ‘నువ్వు ఎంతవరకు చూశావు?’ అని పక్కవాళ్లను అడగడం. హాస్టల్ పిల్లల తల్లిదండ్రులు ఆదివారం ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అదే పాటించండి. ఇంట్లో మీరు చూసేసినా సరే, సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని, ఏమీ తెలియనట్టు ఇంకోసారి చూడండి.